ఉప్పులంక వంతు మంగళవారం

సప్తదేశాల ఉమ్మడి విశ్వవిద్యాలయంలో చదివినవాళ్లకు ఆ చదువు వారానికి ఒక్కరోజే గుర్తుంటుంది. మిగతా ఆరు రోజులూ అది మిగతా ఆరు దేశాలవాళ్ల బుర్రల్లో ఉంటుంది. ఇందులో వింతపడాల్సింది ఏమీ లేదు. నలభై వేల జనాభా ఉన్న దేశం సొంతంగా విశ్వవిద్యాలయం ఎక్కడ పెట్టుకోగలదు? అలాంటి దేశాలు ఏడు కలిసి ఒకటి పెట్టుకున్నాయి. భవనం లేదు, ప్రహరీ లేదు, పాఠాలన్నీ తెర మీదే. ఒక్కో పాఠానికి ఉన్న నకలు ఒక్కటే కాబట్టి కొళాయి దగ్గర బిందెల్లాగా వంతులేసుకున్నాయి. కొళాయి దగ్గరైతే జుట్లు పట్టుకుంటారు. ఇక్కడ ఆ గొడవ కూడా లేదు, అంతా కాగితం మీద పద్ధతిగా ఉంది.

ఆ ఏడింటిలో ఉప్పులంక ఒకటి. ఎన్నడో ఉప్పుమళ్లలో పనికని ఓడెక్కి వెళ్లిన శ్రీకాకుళం వైపువాళ్ల మునిమనవలే అక్కడి జనం. ఒప్పందం మీద సంతకాలు పెట్టే రోజున ఆరు దేశాల మంత్రులు పొద్దున్న తొమ్మిదికల్లా వచ్చి కూర్చున్నారు. ఉప్పులంక విద్యామంత్రి మాత్రం బసలో పంచాంగం విప్పి చూసుకున్నాడు. తొమ్మిదికి వర్జ్యం, ఆ వెనకే రాహుకాలం, అది పోయాక దుర్ముహూర్తం. సాయంత్రం నాలుగూ పదికి మంచి ఘడియ ఉంటే అప్పుడు వెళ్లి, కుడికాలు ముందు పెట్టి, సంతకం చేశాడు. అప్పటికి ఆ ఆరుగురూ ఆరు వారాలు ఎంచేసుకుని కాఫీలు కూడా తాగేశారు. మిగిలింది మంగళవారం.

ఖర్మ కాకపోతే ఏమిటి! ఉప్పులంకలో మంగళవారం ఎవరూ ఏ పనీ మొదలుపెట్టరు. గోళ్లు తీసుకోరు, కొత్త బట్ట కట్టరు, పడవెక్కరు, ఆస్పత్రి గుమ్మం అసలే తొక్కరు. దేశానికంతటికీ తెలివి వచ్చే రోజున దేశం తలుపులేసుకుని కూర్చుంటుంది. రేవుకట్ట ఇంజనీరు మంగళవారం లెక్కలన్నీ గుర్తొచ్చి కట్ట దగ్గరికి పరుగెత్తుకెళ్తే అక్కడ ఒక్క కూలీ ఉండడు. బుధవారం కూలీలు వచ్చేసరికి ఇంజనీరు వాళ్లతో పాటు తట్ట మోస్తాడు. ఆ కట్ట ఆరేళ్లుగా సగమే ఉంది. అయినా ఒప్పందానికి ముందు ఏడాదికి పదకొండు మంది పట్టాలు పుచ్చుకునేవాళ్లు, ఇప్పుడు ఆరొందలు. ఈ అంకె మంత్రి గారి గదిలో గోడమీద పెద్దక్షరాలతో ఉంది.

ఒక్క వెసులుబాటు మాత్రం ఉంది. విశ్వవిద్యాలయం గడియారం ప్రధాన కార్యాలయం ఉన్న దేశంలో తిరుగుతుంది. అది ఉప్పులంక కంటే సరిగ్గా పన్నెండు గంటలు వెనక. అందుచేత ఉప్పులంకవాళ్లకు చదువు మంగళవారం మధ్యాహ్నం పన్నెండింటికి వస్తుంది, బుధవారం మధ్యాహ్నం పన్నెండింటికి పోతుంది. బుధవారం తెల్లారిన దగ్గర్నుంచి మధ్యాహ్నం దాకా కేలెండరు చూస్తే బుధవారం, బుర్ర చూస్తే మంగళవారం. దోషం లేదు, తెలివి ఉంది. దేశంలో పనులన్నీ ఆ ఆరు గంటల్లోనే జరుగుతాయి.

నూకరత్నం ఆ విశ్వవిద్యాలయంలోనే ప్రసూతి నర్సింగ్ పూర్తి చేసి పెద్దాస్పత్రిలో చేరిన పిల్ల. వయసు ఇరవై నాలుగు. వంతు రోజున తెల్ల గౌను వేసుకుని కానుపులు చేస్తుంది. తక్కిన రోజుల్లో భుజానికి ‘వంతులో లేరు’ అనే ఎర్ర పట్టీ కట్టుకుని దుప్పట్లు మడుస్తుంది, మరుగుదొడ్డికి దారి చూపిస్తుంది. పట్టీ కట్టుకోకపోవడం నేరం. తెలియనివాళ్లు తెలిసినట్టు కనపడితే జనం మోసపోరూ?

ఆమె వదిన అసిరితల్లికి నెలలు నిండాయి. అన్న సముద్రం మీదున్నాడు. కిందటి మంగళవారం నూకరత్నం ఇంట్లోనే పొట్ట తడిమి చూసి మొహం చిన్నబుచ్చుకుంది. బిడ్డ ఎదురుకాళ్లతో ఉన్నాడు, తల పైనుంది, కాళ్లు కింద. ఎదురుకాళ్ల బిడ్డను తీయడమన్నది నాలుగో సంవత్సరంలో ఒక పాఠం. పాఠం తెలిసినవాళ్ల చేతిలో తల్లీ బిడ్డా బతుకుతారు. తెలియనివాళ్లు లాగితే తల ఇరుక్కుంటుంది. అంతకు మించి ఇందులో రహస్యమేమీ లేదు.

మంగళవారం మధ్యాహ్నం మూడింటికి అసిరితల్లికి నొప్పులు మొదలయ్యాయి. నూకరత్నం ఎగిరి గంతేసినంత పని చేసింది. ఇరవై ఒక్క గంటల గడువుంది, ఇంతకంటే అదృష్టం ఉంటుందా అనుకుంది. ఆస్పత్రి ఖాళీ, డాక్టరమ్మ ఈగలు తోలుకుంటోంది. ఆటో పిలిచింది. వాళ్లమ్మ చిట్టెమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“ఒలమ్మా, మంగళారం పూట నిండు సూలాలిని గడప దాటిస్తావేటే? నలుగురూ వింటే నవ్విపోరూ?”

“తెలివుండేది ఇప్పుడేనమ్మా. రేపు మజ్జాన్నం దాటితే నాకేటీ తెలీదు.”

“రేపు పొద్దున్న బుధారం కదేటి. బుధారం ఎలదాం. పొద్దున్నకి నీ తెలివెక్కడికీ పోదు కదా.”

అసిరితల్లి కూడా అత్త మాటే సరైందంది. మొదటి కానుపులో ఆడపిల్ల పోయింది, అది మంగళవారమే. ఇప్పుడు మళ్లీ మంగళవారం వెళ్లమంటే ఆమె కాళ్లు రాలేదు. నూకరత్నం అరిచింది, బతిమాలింది, ఆఖరికి ఆటోవాడే “మంగళారం కానుపు బేరం నానెక్కించుకోను తల్లీ” అని బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

బుధవారం పొద్దు పొడిచీ పొడవగానే బయల్దేరారు. దేశమంతా అలాగే బయల్దేరింది. ఆస్పత్రి వసారా పొడుగునా జనం. పంటినొప్పులు, పాముకాట్లు, ఆరు రోజుల నుంచి విరిగిన కాలు పట్టుకుని తెలివి కోసం కాచుకున్నవాళ్లు. అసిరితల్లికి ముప్పై ఆరో చీటీ వచ్చింది. నూకరత్నం తను నర్సునని చెబితే చీటీ ఇచ్చేవాడు నొచ్చుకున్నాడు. “మీరే ఇలా వరస తప్పితే ఎలాగమ్మా?” అన్నాడు. మంచం దొరికేసరికి పదకొండున్నర. పక్కగదిలో డాక్టరమ్మ ఎవరిదో కడుపు కోసి పెట్టుకుంది, పన్నెండులోగా కుట్టెయ్యాలి కాబట్టి పిలిచినా పలకలేదు.

పదకొండూ నలభై అయిదుకి కాళ్లు కనపడ్డాయి. పదకొండూ యాభై రెండుకి బొడ్డు దాకా వచ్చాడు. మగపిల్లాడు. నూకరత్నం తొందరపడలేదు. బిడ్డ నడుముకి వెచ్చటి తువ్వాలు చుట్టి, మెల్లగా తిప్పుతూ ఒక చెయ్యి తీసింది, ఇంకో చెయ్యి తీసింది. ఇక తల ఒక్కటే ఉంది. చిట్టెమ్మ కోడలి తల దగ్గర నిలబడి దేవుళ్ల పేర్లన్నీ చదువుతోంది.

గోడ గడియారం పన్నెండు కొట్టింది.

పాఠం పోయేటప్పుడు నొప్పేమీ ఉండదు. స్నానం చేశాక చెవిలో ఇరుక్కున్న నీళ్లు వెచ్చగా కారిపోతాయి చూశారూ, అలా ఉంటుంది. నూకరత్నం తన చేతుల వంక చూసుకుంది. చేతుల్లో ఒక పిల్లాడి ఒళ్లుంది, తల లేదు. ఇక్కడి దాకా ఎలా వచ్చిందో, తర్వాత ఏం చెయ్యాలో ఆమెకు తెలియదు. దడుచుకుపోయింది. అలవాటైన చెయ్యి కాబట్టి ఎర్రపట్టీ కోసం జేబు తడుముకోబోయింది గానీ, రెండు చేతులూ ఖాళీ లేవు.

“నాయుడు గారూ!” అని కేకేసింది.

కొయ్యాన జోగినాయుడు ఉమ్మడి చదువుల సమన్వయాధికారి. వంతు ముగిసేవేళకి ఎవరైనా అదనంగా తెలివి వాడేస్తారేమోనని ఆస్పత్రిలోనే కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. మంచివాడు. తలుపు బయటి నుంచే జవాబిచ్చాడు.

“పొడిగింపు ఫారం ఉందమ్మా. కానీ దాని మీద మన లాయరూ, ఇప్పుడు వంతున్న గవ్వదీవి లాయరూ ఒకేసారి చదివి, అర్థం చేసుకుని సంతకం పెట్టాలి. ఇద్దరికీ ఒకేసారి చట్టం గుర్తున్న రోజు వారంలో లేదు కదా. అందుకని ఇంతవరకూ ఎవరూ పెట్టలేదు. ఫారం మాత్రం మంచిది, రెండువైపులా అచ్చు.”

గవ్వదీవి అనగానే నూకరత్నానికి శాంటీనా తట్టింది. విశ్వవిద్యాలయంలో ఒక్కో రోల్ నంబరుకి ఏడుగురు విద్యార్థులు, దేశానికొకరు. మూడొందల పద్దెనిమిదో నంబరుకి ఉప్పులంకలో నూకరత్నం, గవ్వదీవిలో శాంటీనా. ఇద్దరూ ఎప్పుడూ కలుసుకోలేదు. ఫోన్లో మాట్లాడుకోవచ్చు గానీ తిండి గురించీ వాతావరణం గురించీ మాత్రమేనని నిబంధన. చిట్టెమ్మ కూతురి జేబులోంచి ఫోను తీసి ఆమె చెప్పిన పేరు నొక్కింది. పన్నెండూ రెండు నిమిషాలకు శాంటీనా పలికింది. పడవలో కూర్చుని చేపల పొలుసు తీస్తోంది. రెండు నిమిషాల కిందటే పాఠం ఆమె బుర్రలోకి వచ్చి కూర్చుంది.

“శాంటీనా, తల మిగిలిపోయింది. ఎదురుకాళ్లు. మా వదిన.”

శాంటీనా చేతిలో కత్తి పడవలో పడిన చప్పుడు వినిపించింది. “మీ వంతు అయిపోయింది కదా రత్నా!”

“అయిపోయింది.”

గవ్వదీవిలో తొమ్మిదేళ్లుగా ఒక్క కానుపూ లేదు. ఆ దేశంలో అందరూ ముసలివాళ్లే, శాంటీనా ఒక్కతే పడుచుపిల్ల. ఎదురుకాళ్ల పాఠం ప్రతి బుధవారం వచ్చి ఆమె బుర్రలో ఊరికే ఒక రోజు పడుకుని వెళ్తుంది. అయినా వంతు వంతే. ఆ పిల్ల పొలుసంటిన చేతులు తుడుచుకుంది. తర్వాత గబగబా చెప్పడం మొదలెట్టింది.

“లాగకు. ముందు లాగడం మానెయ్. బిడ్డని నీ ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టుకో, గుర్రం మీద కూర్చున్నట్టు. రెండు వేళ్లు చెంప ఎముకల మీద పెట్టి గడ్డం ఛాతీకి వంచు. అక్కడెవరున్నారు? మీ అమ్మా? ఆమెని పొత్తికడుపు మీద పైనుంచి మెల్లగా నొక్కమను. మెల్లగా! ఇప్పుడు ముందు కిందికి, తర్వాత పైకి...”

బయట జోగినాయుడు ఈ మాటలు విన్నాడు. తన ఇరవై ఏళ్ల నౌకరీలో ఇలాంటిది వినలేదు. “అమ్మాయీ! అది పాఠం! అది వాతావరణం కాదు!” అని అరిచి, గుండె పట్టుకుని, కుర్చీ దాకా వెళ్లలేక నేలమీదే కూలబడ్డాడు. వసారాలో జనం అతని చుట్టూ మూగారు గానీ ఏం చెయ్యాలో అప్పటికి ఎవరికీ తెలియదు. విసనకర్రతో విసిరారు.

పన్నెండూ ఏడుకి బిడ్డ తల వచ్చింది. నీలంగా ఉన్నాడు. శాంటీనా చెప్పినట్టు నూకరత్నం వీపు రుద్దింది, నోరు తుడిచింది. కెవ్వుమన్నాడు. చిట్టెమ్మ నేల మీద కూర్చుని ఏడ్చింది. “బుధారం పుట్టాడు, నా తండ్రి బుధారం పుట్టాడు” అంది. అసిరితల్లి నూకరత్నం చెయ్యి పట్టుకుంది, వదల్లేదు.

ఆదివారం విచారణ పెట్టారు. మిగతా ఆరు దేశాల ప్రతినిధులూ ఆరు తెరల్లో కూర్చున్నారు. నూకరత్నం జోగినాయుడి గదిలో బల్ల ముందు నిలబడింది. ఆరుగురి మొహాల్లోనూ నెత్తురు చుక్క లేదు. అధ్యక్షుడు నీళ్లు తాగి మొదలెట్టాడు.

“ఒకే పాఠం! రెండు బుర్రల్లో! అయిదు నిమిషాలు! ఇది మీకు ఘోరం అనిపించలేదా?”

“బిడ్డ బతికాడండీ” అంది నూకరత్నం.

“అది మేమడిగినదానికి జవాబు కాదమ్మా.”

గవ్వదీవి ప్రతినిధి డెబ్భై ఏళ్ల పెద్దాయన. కన్నీళ్లు పెట్టుకున్నాడు. “మా దేశానికున్న ఆస్తల్లా ఒక్క బుధవారం. మేం దాన్ని వాడుకున్నామా లేదా అన్నది మా ఇష్టం. మమ్మల్ని అడక్కుండా వాడేశారే!” అన్నాడు. తక్కిన అయిదుగురూ తలలు దించుకున్నారు. ఆయన బాధ అందరికీ అర్థమైంది.

అప్పుడు నూకరత్నం నోరు జారింది. అది గొప్పకి చెప్పలేదు, అందరూ ఊరట పడతారని చెప్పింది. “పాఠానికి నష్టమేమీ రాలేదండీ. శాంటీనా చెప్పింది చెప్పినట్టు నాకింకా గుర్తుంది. ఇవాళ ఆదివారం కదా, అయినా గుర్తుంది. ముంజేతి మీద పడుకోబెట్టాలి, రెండు వేళ్లు చెంపల మీద. ఇంకెవరికైనా నేర్పమన్నా నేర్పుతాను.”

జోగినాయుడు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. తెరల్లో ఒకావిడ “ప్రతి రోజూనా? ఆ అమ్మాయికి ప్రతి రోజూ తెలుసా?” అని మెల్లగా అడిగింది. దానికి తోడు ‘నేర్పుతాను’ అన్న మాట విన్నాక అధ్యక్షుడు కళ్లజోడు తీసేశాడు. నాలుగు దిక్కులా నేర్పేసుకుంటూ పోతే ఇక ఏడు దేశాలెందుకు, వంతులెందుకు, విశ్వవిద్యాలయం ఎందుకు? అక్కడికక్కడే సవరణ రాశారు: ఫోన్లో విన్నదీ, పక్కన నిలబడి చూసిందీ, చేతులతో చేసిందీ కూడా ఉమ్మడి ఆస్తే. చేతులెత్తమన్నారు. ఒకటి, రెండు, మూడు. నూకరత్నం పెదాలు కదుపుతూ ముంజేయి, రెండు వేళ్లు, ముంజేయి, రెండు వేళ్లు అని వల్లెవేసుకుంది. నాలుగు, అయిదు. గవ్వదీవి పెద్దాయన అందరికంటే చివర ఎత్తాడు. ఆ తర్వాత నూకరత్నం పెదాలు కదులుతూనే ఉన్నాయి గానీ, ఏం అంటోందో ఆమెకే తెలియలేదు.

శిక్ష పెద్దదేమీ కాదు. ఎదురుకాళ్ల పాఠం ఉప్పులంకకూ గవ్వదీవికీ ఏడాదిపాటు బంద్. ఆ ఒక్క పాఠానికీ మంగళ, బుధవారాలు రెండూ గురువారం వంతున్న దేశానికి వెళ్లిపోయాయి. నూకరత్నం పట్టాకి ఢోకా లేదు, ఉద్యోగానికీ లేదు. మీ దేశం మీద గౌరవం కొద్దీ ఇంతటితో వదిలేస్తున్నామని ఉత్తరం కూడా వచ్చింది.

ఊళ్లో జనం నిర్ఘాంతపోయారు. బిడ్డ బతికినందుకు కాదు లెండి, అది అందరికీ సంతోషమే. ఇంత చదువుకున్న పిల్ల వంతు తప్పడమేమిటని. కొళాయి దగ్గర చిట్టెమ్మ వెళ్తే మాటలాపేసేవాళ్లు. “మీ మనవడికోసం దేశం పాఠం పోగొట్టారు కదమ్మా” అని ఒకావిడ మొహం మీదే అంది. చిట్టెమ్మ నోరున్న మనిషే గానీ బిందె ఎత్తుకుని వచ్చేసింది. మంత్రి గారి గోడమీద అంకె మాత్రం ఆ ఏడాది ఆరొందల నలభై అయింది.

మూడు నెలలు పోయాక ఒక శుక్రవారం నూకరత్నం ఎర్రపట్టీ కట్టుకుని దుప్పట్లు మడుస్తుంటే గేదెల కాంతమ్మ వచ్చింది. ఎనిమిదో నెల. నడవలేక నడవలేక వచ్చి బల్లమీద చతికిలబడింది. ఉప్పుమడిలో పనిచేస్తుంది, మొగుడూ అక్కడే. కొంగులోంచి స్కానింగ్ కాగితం తీసింది.

“మొన్న బుధారం పొద్దున్న సదివించుకున్నానమ్మా. ఎదురుకాళ్లంట.”

నూకరత్నం మడుస్తున్న దుప్పటి పక్కన పెట్టింది. “అప్పా, ఆ పాఠం... మనకి లేదప్పా. ఇంకా తొమ్మిది నెల్లు రాదు.”

“తెలుసమ్మా. నువ్వేటి బెంగెట్టుకోకు. పెద్దోళ్లు ఆలోసించే పెట్టుంటారు. ఏడు దేశాలకీ సరిపోవాల కదా.” కాంతమ్మ ఆయాసపడుతూ చుట్టూ చూసింది. “నానొచ్చింది అందుకు కాదు. సదువు సీటు ఫారాలు బిడ్డ కడుపులో ఉండగానే ఇస్తన్నారంట కదా? ముందు రాయించుకున్నోళ్లకి ముందంట. ఈడికొకటి రాసి పెట్టమ్మా. మా ఇంట్లో ఎవులమూ సదువుకోలేదు.”

ఫారాలు అక్కడే అలమారలో ఉన్నాయి. నూకరత్నం ఒకటి తీసి, బల్లమీద పెట్టి, పెన్ను పట్టుకుంది. తల్లి పేరు రాసింది, తండ్రి పేరు రాసింది. కోర్సు దగ్గర డాక్టరని రాయమంది కాంతమ్మ, అలాగే రాసింది. కళ్లలో నీళ్లు తిరిగి అక్షరాలు అలుక్కుపోతుంటే మోచేత్తో తుడుచుకుంది. తర్వాతి గడి పుట్టిన తేదీ.

“అది పుట్టాక వచ్చి రాయించుకో అప్పా.”

“ఒద్దొద్దు, ఇప్పుడే రాసీ తల్లీ” అంది కాంతమ్మ. “అప్పుడు నానొస్తానో లేదో.”

నూకరత్నం తారీఖు అడిగింది. కాంతమ్మ వేళ్ల మీద లెక్కపెట్టుకుని చెప్పింది. నూకరత్నం ఆ తారీఖు వేసి, అడుగున తల్లి వేలిముద్ర వేయించి, ఫారం జోగినాయుడి బల్లమీద దొంతరలో అన్నింటికంటే కింద పెట్టింది, వరస తప్పకుండా.